కల్లము ఖాళీయైన వేళ కంప్యూటరు చదువు

ఒక కౌలురైతు లక్ష రూపాయలను నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, పురుగో వానయో పంటను దెబ్బతీయగా మూడేండ్లవరకు పైసయు చెల్లింపలేకపోయె ననుకొందము. వడ్డీ అసలుతో కలియక సాదాగా నడిచినయెడల ముప్పదియారు నెలలకు అతడు తీర్పవలసిన మొత్తము 1,72,000 రూపాయలు. ఏటేట నోటు తిరగవ్రాసి వడ్డీని అసలులో కలుపుచు వచ్చినయెడల అది 1,90,662 రూపాయలగును. నెలనెలకును వడ్డీపై వడ్డీ పడునట్టి చక్రవడ్డీ యైనచో 2,03,989 రూపాయలగును. అప్పు ఒక్కటే, రేటు ఒక్కటే, కాలమును ఒక్కటే; లెక్క కట్టిన విధమును బట్టియే ఇంచుమించు ముప్పదిరెండు వేల తేడా వచ్చుచున్నది. ప్రామిసరీ నోటునకు మూడేండ్లలో కాలదోషము పట్టును గనుక ఆ గడువు తీరకమునుపే నోటు తిరగవ్రాయుట మన పల్లెలలో పరిపాటియై యున్నది. ఆ తిరగవ్రాతనాడు ఎదుట కూర్చున్నవాడు చెప్పిన అంకెక్రిందనే రైతు సంతకమో వేలిముద్రయో పడుచుండును.

ఈ మూడు లెక్కలను తానే కట్టుకొనుటకు ఆ రైతునకు గణితశాస్త్రమున పాండిత్యము అక్కరలేదు. పైథాన్ అను ప్రోగ్రామింగు భాషలో అసలింత, వడ్డీయింత, నెలలిన్ని యని మూడు పంక్తులు వ్రాసి, నెలలను ఒకదాని తరువాత నొకటిగా లెక్కించు లూపును పెట్టి, దానిలోపల అసలునకు వడ్డీని చేర్చు పంక్తి నొకదానిని వ్రాసి, తుదకు ఫలితమును చూపుమని చెప్పినచో కంప్యూటరు రెప్పపాటులో సమాధాన మిచ్చును; నెలకు బదులు సంవత్సరము, రెండునకు బదులు ఇరువదినాలుగు పెట్టినచో నోటు తిరగవ్రాసిన లెక్క వచ్చును. ప్రారంభ కోర్సులలో ఇది సాధారణముగా రెండవ మూడవ వారములలో వచ్చు పాఠము. అనగా మన మైదానములలోని అసంఖ్యాక కుటుంబములను తరతరములుగా వేధించుచున్న ఒక ప్రశ్నకును, నేడు ఎవరైనను ఇంటనుండియే నేర్చుకొనదగిన ఒక విద్యకును నడుమ దూరము కొలది వారములు మాత్రమే. ఆ కొలది వారములను దాటలేక మనవారు ఎందుకు నిలిచిపోవుచున్నారో, దాటించుటకు మనమేమి చేయవలెనో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మనవారనగా గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి మిరప మైదానములవారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనచే ఇందు కొంతభాగము పల్నాడనియు బాపట్లయనియు వేరు జిల్లాలైనను, నేలయు పంటయు మారలేదు గనుక ఈ భూమిని ఒక్కటిగానే తలంచుచున్నాను. ఇచట ముప్పది నలువది ఏండ్లు దాటిన పిమ్మట కంప్యూటరు చదువువైపు చూచువారెవరని విచారించినచో వారు గాలిలో మేడలు కట్టువారు కారని తెలియును. మిర్చియార్డులో కమీషను కొట్టు గుమాస్తా, శీతల గిడ్డంగిలో సరుకు రాకపోకలను పుస్తకమున కెక్కించు ఉద్యోగి, జిన్నింగు మిల్లులో తూకపు చీటీలు వ్రాయువాడు, డ్వాక్రా సంఘముల పొదుపు పుస్తకములు నడపు ఆడబడుచు, చిన్న ప్రైవేటు బడిలో పాఠములు చెప్పు పంతులమ్మ, డిగ్రీతో ఊరికి తిరిగివచ్చి తండ్రి చేని పని నెత్తిన వేసికొన్న యువకుడు: వీరందరును లెక్కలతో పగలంతయు పెనగులాడువారే. 2016 తరువాత ఇంటర్నెట్ ధర పడిపోయినది మొదలు వీరి చేతిలోని ఫోనులోనికి ప్రపంచవిద్యాలయముల పాఠములన్నియు నడచివచ్చినవి. రాత్రి భోజనములైన పిమ్మట చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొని పాఠము వినువారు వీరిలో ఉన్నారు. రెండు మూడు వారములు విని మానుకొనువారు అంతకంటె ఎక్కువమంది.

మానుకొనుట మన ప్రాంతపు అవలక్షణము మాత్రము కాదు. అమెరికాలోని ఎమ్ఐటీ 2012లో విద్యుద్వలయములను గూర్చి ఆన్‌లైనులో ఉచితముగా చెప్పిన తొలి కోర్సునకు ఇంచుమించు 1,55,000 మంది పేర్లు నమోదు చేసికొనగా, ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. అది నూటికి ఐదుగురైనను కాదు. ఈ అంకెను చూచి కొందరు విద్యావేత్తలు అభ్యాసకులకు పట్టుదల లేదని తీర్పు చెప్పుదురు. ఏప్రిల్ నెల ఎండలో కల్లమున మిరపకాయలు తిరగవేయు మనుష్యునకు, తెల్లవారుజామున లేచి సంఘము పద్దులు సరిచూచు స్త్రీకి, పట్టుదల లేదని చెప్పుట అన్యాయమని నా దృఢవిశ్వాసము. లోపము చదువరియందు లేదు. ఆ చదువు నడచు ఏర్పాటునందు కలదు.

పాఠములకు కొదువ లేదని ముందుగా ఒప్పుకొనవలెను. ఐఐటీలును బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ ద్వారా దేశములోని ఉత్తమాచార్యులు చెప్పు సీ, పైథాన్ కోర్సులు ఉచితముగా లభించుచున్నవి. పరీక్ష వ్రాసి ప్రమాణపత్రము కోరువారు మాత్రమే రుసుము చెల్లించిన చాలును. కేంద్రప్రభుత్వము 2017లో స్వయం వేదికను నెలకొల్పినది. 2020లో ఐఐటీ మద్రాసు ప్రోగ్రామింగు, డేటా సైన్సులలో ఆన్‌లైను పట్టమును ప్రారంభించి, జేఈఈ ప్రవేశపరీక్షయు వయఃపరిమితియు లేకుండ, నాలుగు వారముల పాఠములు విని అర్హతపరీక్షలో నెగ్గినవారికి తలుపు తెరచినది; యాబదియేండ్ల వారును తమ బిడ్డల యీడువారితో కలిసి అందు చదువవచ్చును. ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ వీనియన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది. ఇంచుమించు పది నిమిషముల నిడివిగల ఆ పాఠములలో తెరమీది అక్షరములు ఆంగ్లముననే యుండును గాని మాట తెలుగుతోసహా భారతీయ భాషలలో వినవచ్చును. వీడియోను ఒకప్రక్కను, తన పనిని మరియొకప్రక్కను తెరచుకొని, ఒక అడుగు విని ఆ అడుగు తానును వేయవలెనన్నది వారి పద్ధతి. గురువు ఎదుట లేని చదువునకు ఇంతకంటె యోగ్యమైన పద్ధతిని నేనెరుగను.

ఇన్ని యుండియు చదువు ఎచట విరుగుచున్నది? పరీక్షించి చూచినచో అది మొదటి తప్పు దగ్గర విరుగుచున్నది. పైథాన్ భాషలో లూపును ఆరంభించు పంక్తి చివర రెండు చుక్కలుండవలెను. దాని క్రింది పంక్తి కొన్ని ఖాళీలు విడిచి లోపలికి జరిగియుండవలెను. ఈ రెంటిలో ఏది తప్పినను ప్రోగ్రాము నడువదు. తెరమీద ఎఱ్ఱని అక్షరములతో సింటాక్స్ ఎర్రర్ అనియో ఇండెంటేషన్ ఎర్రర్ అనియో ఆంగ్లమున ఒక ప్రకటన ప్రత్యక్షమగును. ఇంజనీరింగు కళాశాలలోని పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఆ ప్రకటనను చూచి ప్రక్కవానిని మోచేతితో పొడుచును. వాడొక చుక్కను చూపి ముందుకు పొమ్మనును. అరనిమిషములో వ్యవహారము తీరిపోవును. రాత్రి పదిగంటలకు ఒంటరిగా కూర్చున్న గుమాస్తాకు ప్రక్కవాడెవ్వడును లేడు. ఆ ప్రకటన తన పొరపాటును కాక తన అయోగ్యతను చాటుచున్నదని అతడు భావించును. ఇరువదియేండ్లుగా కొట్టు పద్దులో ఒక్క పైస పొల్లుపోనీయని మనుష్యుడు, ఒక చుక్క కారణముగా తాను చదువునకు పనికిరానివాడనని నిర్ణయించుకొని ఫోను ప్రక్కన పెట్టును. పెద్దవారి చదువులో అవమానభీతికంటె ప్రబలమైన శత్రువు లేదు. పిల్లవాడు తప్పుచేయుటకే బడికి పోవును, పెద్దవాడు తప్పుచేసినచో లోకువయగుదునని తలంచును.

ఫోనునందే చదువు సాగవలసివచ్చుట రెండవ విఘ్నము. పాఠము వినుటకు ఫోను చాలును. ప్రోగ్రాము వ్రాయుటకు చాలదు. కుండలీకరణములు, రెండు చుక్కలు, పంక్తి మొదటి ఖాళీలు, ఇవన్నియు బొటనవ్రేలితో చిన్న తెరమీద వెదకి వెదకి కొట్టవలసిన మనుష్యునకు ఆలోచన సగములోనే తెగిపోవును. కావున అతడు వ్రాయుట మాని వినుటకే పరిమితుడగును. వినునంతసేపు అంతయు తెలిసినట్లే యుండును. గట్టుమీద కూర్చుండి ఈత నేర్చుకొన్నట్టి ఈ చదువు మొదటి అభ్యాసము దగ్గర బయటపడును. ఇంటికొక కంప్యూటరు కొనుమని చెప్పుట సులభమే గాని, కౌలు ముందుగా చెల్లించి విత్తనములకు అప్పుచేసిన ఇంటికి ఆ మాట చెప్పలేము.

ఆంగ్లభాషను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను, ఏలన ఆంగ్లము రానివారికి ప్రోగ్రామింగు రాదన్న మూఢవిశ్వాసము మన ఊళ్లలో బలముగా నాటుకొన్నది. పైథాన్ భాషలో ఆంగ్లపదములు ముప్పదియైదునకు అటునిటుగా మాత్రమే యున్నవి. మొదటి నెలలో పనికివచ్చునవి పదిపదునైదు మించవు. మిగిలిన పేర్లన్నియు వ్రాయువాని ఇష్టము. 2008లో వచ్చిన మూడవ అవతారము మొదలు ఆ భాష పేర్లను తెలుగు లిపిలో పెట్టుకొనుటకును అంగీకరించుచున్నది; ధర, తూకం, కూలి యని తెలుగుననే పేర్లు పెట్టి లెక్క నడిపింపవచ్చును. తెలుగంకెలతో ౧౨ అని టైపు చేసి యిచ్చినను దానిని సంఖ్యగా మార్చుమన్నప్పుడు పండ్రెండుగానే గ్రహించును. ఈ సంగతిని తొలినాటి పాఠముననే చూపి, ప్రోగ్రామింగు ఇంజనీర్ల సొత్తు కాదని పెద్దవారికి నమ్మకము కలిగింపవలెను. 1964లో డార్ట్‌మత్ కళాశాలయందు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితాచార్యులు బేసిక్ అను భాషను నిర్మించినది విజ్ఞానశాస్త్ర విద్యార్థుల కొరకు మాత్రమే కాక, సాహిత్యమును చరిత్రయు చదువువారును కంప్యూటరును వాడగలుగవలెనను సంకల్పముతోనే గదా!

తోడులేనితనమునకు మందు కనుగొనుటకు మనము విదేశముల వంక చూడనక్కరలేదు. ఈ మైదానముననే మన పెద్దలు దానిని కనుగొని ఆచరించి చూపిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది మొదలు అయ్యంకి వెంకటరమణయ్యగారును వారి సహచరులును ఊరూర పుస్తకములను పంచుటతో తృప్తిపడలేదు. పుస్తకము ఊరికి చేరుట ఒక యెత్తు, ఊరు పుస్తకము చుట్టు చేరుట మరియొక యెత్తని వారెరుగుదురు. కావుననే చదువ వచ్చినవాడు బిగ్గరగా చదువగా రానివారు వినుటకును, రాత్రిబడులకును, గ్రంథాలయయాత్రలకును ఉద్యమమున చోటు కలిగెను. 1918లో చీరాల చెంత వేటపాలెములో వెలసిన సారస్వత నికేతనము చేనేతవారి నడుమ నిలిచి నేటికిని పరిశోధకులను ఆకర్షించుచున్నది. 1935లో దుగ్గిరాల ప్రాంతమున పెదపాలెము సేవాశ్రమమును నడపిన పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును సాగించి, ప్రయాణికులకును తీరగ్రామములవారికిని పుస్తకములందించిరి. బండిబాటలు సరిగా లేని కాలమున కాలువను బాటగా చేసికొన్న ఆ బుద్ధిసూక్ష్మతకు నేను చేతులెత్తి మ్రొక్కుచున్నాను. వారు పాఠకుని సోమరియని నిందింపలేదు. పాఠకుడు పోవు త్రోవలో తామెదురుపడిరి.

పెద్దల చదువున పాఠ్యవిషయ మెంత ముఖ్యమో తెలిసికొనుటకు పొరుగున నున్న నెల్లూరు చాలును. అక్షరాస్యతోద్యమ కాలమున వాచకములో సారాచే చెడిన కుటుంబపు కథను చదివిన దూబగుంట స్త్రీలు, అది తమ కథయే యని గుర్తించి ఊరిలోని సారా దుకాణమును మూయించిరి; 1992లో ఆ నిప్పు జిల్లాయంతయు ప్రాకెను; 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము రాష్ట్రమున సారాను నిషేధింపవలసివచ్చెను. అక్షరములు నేర్చుకొన్న మాత్రమున వారు లేవలేదు; తమ బ్రతుకు అక్షరములలో కనబడినప్పుడు లేచిరి. ఆన్‌లైను కోర్సులలో అభ్యాసములకు ఎన్నుకొను విషయములను చూడుడు: పరదేశపు పిజ్జా దుకాణపు బిల్లు, బేస్‌బాలు ఆటగాండ్ర అంకెలు, మనమెన్నడును ఎక్కని రైళ్ల వేళలు. వీనిలో దోషము లేదు. కాని యార్డు గుమాస్తాను కూర్చుండబెట్టవలె నన్నచో అతని టిక్కీలనే, అనగా మిరప బస్తాలనే, అతనియెదుట పెట్టవలెను.

ఆ అభ్యాసమెట్లుండునో కొంచెము విస్తరించి చెప్పెదను. కాపు తెచ్చిన లాటులో టిక్కీలెన్నో, ఒక్కొక్కదాని తూకమెంతో జాబితాగా వ్రాసికొని, అన్నిటి మొత్తమును లూపుతో కట్టించుట మొదటి మెట్టు. తేజ రకమునకొక ధర, 334 రకమునకొక ధర, రంగు చెడిన తాలుకాయల కొక ధర గనుక రకమును బట్టి ధరను ఎంచుకొనుటకు షరతులు వ్రాయుట రెండవ మెట్టు. హమాలీ కూలియు, ఇతర ఖర్చులును, కాపు లోగడ తీసికొన్న అడ్వాన్సును దానిపై వడ్డీయు మినహాయించి చేతికి వచ్చు సొమ్మును తేల్చుట మూడవ మెట్టు. ఈ లెక్కనంతను ఒక ఫంక్షనుగా కట్టి ఏ కాపు వచ్చినను అదే పనిచేయునట్లు చేయుట నాలుగవ మెట్టు. ఫలితమును ఫైలులో దాచి, సంవత్సరాంతమున ఏ నెల ఏ రకమునకు ఎట్టి ధర పలికెనో చూచుకొనుట అయిదవ మెట్టు. జాబితా, లూపు, షరతు, ఫంక్షను, ఫైలు: ప్రారంభ కోర్సు సారమంతయు ఒక మిరప లాటులో ఇమిడియున్నది! సీజనులో రోజునకు లక్షకు పైబడి టిక్కీలు దిగు గుంటూరు యార్డులో ఇట్టి పాఠ్యవస్తువునకు కరవేమున్నది? 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన, యార్డులలో ఆన్‌లైనున వేలము జరుపు ఈ-నామ్ విధానము తరువాత గుంటూరు మిర్చియార్డునకును దుగ్గిరాల పసుపు యార్డునకును విస్తరించినప్పుడు, ఎన్నడును కంప్యూటరు ముట్టనివారు సైతము లాటుసంఖ్యలతో, తెరమీది బిడ్డులతో వ్యవహరించుట నేర్చుకొనిరి. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును వాడ నేర్చినవారు తమ ప్రోగ్రామును వ్రాయ నేర్వలేరని ఎట్లు చెప్పగలము?

డ్వాక్రా సంఘములందు ఇది మరింత సులభమని తోచుచున్నది. సభ్యురాండ్ర పొదుపు, అంతర్గత అప్పులు, బ్యాంకు వాయిదాలు నెలనెల వ్రాసి మొత్తములు సరిచూచు స్త్రీకి వరుసలును నిలువులును కొత్త కావు; ఆమె పుస్తకమే ఒక పట్టిక. కౌలురైతునకు ఇంకొక లెక్క కావలెను: కౌలు, విత్తనము, మందులు, కోతకూలి కలిపి ఎకరమున కయిన పెట్టుబడిని దిగుబడితో భాగించి, క్వింటాలు ఏ ధర పలికినచో తనకు నష్టము రాదో తెలిసికొనుట. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను పాడుచేసిన యేట, దిగుబడి సగమైనచో ఆ ధర ఎంతకు పెరుగునో ముందే చూచుకొనగలిగినవారు ఎందరుండిరి?

ఇక ఆక్షేపణలను విచారింతము. ఈ చదువువలన ఉద్యోగము వచ్చునా యని మొదట అడుగుదురు. మన జిల్లాలనుండి వేలకొలది యువకులు హైదరాబాదులోని అమీర్‌పేటలో కోర్సులు నేర్చి అమెరికాకు పోయిరి గనుక ఈ ప్రశ్న సహజమే. నలువదియేండ్ల గుమాస్తాకు ఆరునెలలలో సాఫ్ట్‌వేరు ఉద్యోగ మిప్పించెదమని వాగ్దానము చేసి వేలరూపాయలు గుంజు ప్రకటనలను నేను అసహ్యించుకొనుచున్నాను. అట్టి వాగ్దానము ఈ చదువు పేర ఎవరును చేయరాదు. కొందరికి ఉద్యోగము రావచ్చును, కొందరు పై చదువులకు పోవచ్చును. కాని అత్యధికులకు ఈ విద్య తాము చేయుచున్న పనినే తమ వశము చేయును. చాకలిపద్దు వ్రాసికొనుటకు చదువు నేర్చిన స్త్రీని ఉద్యోగమెక్కడ యని మన తాతలనాడు ఎవరును అడుగలేదు.

కృత్రిమమేధ యే ప్రోగ్రాములు వ్రాసిపెట్టుచుండగా మనుష్యుడు నేర్చుకొననేల యని రెండవ ఆక్షేపణ. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చినది మొదలు ఈ మాట విద్యావంతుల నోటనే ఎక్కువగా వినబడుచున్నది. వడ్డీలెక్క వ్రాసిపెట్టుమని అడిగినచో యంత్రము క్షణములో వ్రాయును, నిజమే. అది నెలవారీ చక్రవడ్డీ పట్టినదో, వార్షికము పట్టినదో, సాదావడ్డీయే పట్టినదో చూచి గుర్తింపలేనివాడు వ్యాపారి చెప్పిన అంకెక్రింద సంతకము పెట్టుట మాని యంత్రము చెప్పిన అంకెక్రింద సంతకము పెట్టును. వ్రాసిపెట్టువాడు చవుకగా దొరకినకొలది, వ్రాసినదానిని చదివి ఒప్పుతప్పులు నిర్ణయించు శక్తి విలువ పెరుగును గాని తరుగదు. యంత్రసహాయమును వలదనుటలేదు, చుక్క తప్పిన రాత్రి అదియు ఒక తోడగును. మొదటి లూపును స్వహస్తముతో వ్రాసినవానికే ఆ తోడు ఉపకరించును.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. ఎన్‌పీటెల్ కోర్సులు సంవత్సరమునకు రెండు విడతలుగా, జనవరిలో నొకటియు జూలైలో నొకటియు ఆరంభమగును; కళాశాలల పంచాంగమునకు అది సరిపోవును. ఈ మైదానపు పంచాంగము వేరు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు మిరప కోతలు, కల్లములలో ఆరబోతలు, యార్డునకు బండ్లవరుసలు; తొలినాళ్లలో పత్తి తీతలును వీనితో కలియును. జూలైలో పత్తి విత్తుటలు, మిరప నారుమళ్లు, ఆపై నాట్లు. చదువు పిలిచినప్పుడు చేను పిలుచును. చేను విడిచినప్పుడు చదువు నిద్రించును. మే రెండవ వారము మొదలు జూన్ రెండవ వారమువరకు ఇంచుమించు నెలదినములు గుంటూరు మిర్చియార్డునకు ఏటేట వేసవి సెలవు లుండును. గుమాస్తా, హమాలీ, కాపు ముగ్గురును ఒక్కసారి తీరికపడుదురు. సరిగా ఆ దినములలోనే బడులకు సెలవు. ఉన్నత పాఠశాలల కంప్యూటరు గదులు తాళములు వేయబడి యుండును. ఆ దినములలోనే కళాశాల విద్యార్థులును ఊళ్లకు చేరుదురు. పైగా ఉన్నత విద్యామండలి ఇటీవలి సంవత్సరములలో డిగ్రీ విద్యార్థులకు సమాజసేవా ప్రాజెక్టును చదువులో భాగము చేసినది. చదువరియు, గదియు, ప్రక్కన కూర్చుండువాడును ఒకే నెలలో ఖాళీగా నుండగా ఆ మువ్వురను కలుపువాడు లేక ప్రతి వేసవియు వృథాగా పోవుచున్నది.

కలుపవలసిన బాధ్యత జిల్లా గ్రంథాలయ సంస్థలదని నా అభిప్రాయము. 1960 నాటి పౌరగ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్నును మనము చెల్లించుచునే యున్నాము. స్థానికసంస్థలు వసూలుచేసిన ఆ సొమ్మును బకాయి పెట్టక గ్రంథాలయములకు జమకట్టవలెను. కొత్త భవనములు వలదు, ఆచార్యుల నియామకములు వలదు. పాఠములు ఐఐటీలవారు చెప్పనే చెప్పుచున్నారు. కావలసినది ఐదు వారములపాటు బడిగది తాళపుచెవి, కరెంటు బిల్లు, ఇరువురు చదువరులకొక కంప్యూటరు, పదిమందికొక డిగ్రీ విద్యార్థి. రెంటచింతల ఎండలనెరిగిన వారెవరును మధ్యాహ్నపు తరగతులు కోరరు. తెల్లవారి ఆరుగంటలనుండి ఎనిమిదివరకు, స్త్రీలకు వీలగునట్లు వేరొక జట్టు సాయంకాలము. దినమునకు ఒక స్పోకెన్ ట్యుటోరియల్ పాఠము చాలును. మిగిలిన కాలమంతయు వ్రాయుటకును తప్పులు దిద్దుకొనుటకును. సహాయకుడు పాఠము చెప్పనవసరము లేదు; ఎఱ్ఱని అక్షరములు కనబడినప్పుడు భుజముమీదుగా వంగి చూచి, ఆ రెండు చుక్కల చోటు చూపిన చాలును. ఇరువదియేండ్ల విద్యార్థి తన తండ్రి యీడు మనుష్యుని బాబాయిగారూ యని పిలిచి ప్రక్కన కూర్చున్నప్పుడు ఆ మనుష్యునకు తప్పుచేయుటలో నామోషీ తోచదు. విద్యార్థికిని టిక్కీయన నేమో తాలుకాయయన నేమో తెలియవచ్చును.

ఈ ప్రయత్నమును నాలుగు జిల్లాలందును ఒక్కసారి తలపెట్టవలెనని నేను కోరను. చిలకలూరిపేట, సత్తెనపల్లి, పర్చూరు, అద్దంకి వంటి కొలది చోట్ల ఒక వేసవి నడిపి చూచిన చాలును. ప్రకటన మాత్రము మార్చినెలలోనే, యార్డు ద్వారమువద్దను, కమీషను కొట్లవద్దను, సంఘముల సమావేశములందును తెలుగున వ్రేలాడవలెను. సెలవులు వచ్చిన పిమ్మట చెప్పినచో అప్పటికే జనము పెండ్లిండ్లకును తీర్థములకును తరలిపోవుదురు. జూన్‌లో బడులు తెరచునప్పటికి గది పిల్లల కప్పగింపవలెను గనుక, ఆపైన చదువదలచినవారికి ఊరి గ్రంథాలయముననే ఒక బల్ల, ఒక కంప్యూటరు, వారమున కొక సాయంకాలము విడిచిపెట్టవలసి యుండును. నాట్లు ముగిసిన పిమ్మట వారక్కడికి వత్తురు; అంతవరకు ఆ బల్లను మరియొక పనికి వాడకుండ చూచు భారము గ్రంథపాలకునిది.